గట్టు దారి కోసం ఇచ్చిన సాక్ష్యం

ఆ రోజు నేను కోర్టులో అబద్ధం చెప్పాను. ప్రమాణం చేశాక, చేతులు ముందుకు కట్టుకుని, రోజూ మాట్లాడే గొంతుతోనే "నేనేమీ చూడలేదండి" అన్నాను. తెలిసి చేసిన తప్పు అది.

చెప్పేటప్పుడు కాళ్ళు వణికాయనో, గొంతు ఆరిపోయిందనో రాయాలని ఉంది. అలా రాస్తే నా మీద నాకే కాస్త జాలి పుడుతుంది. కానీ అలాంటిదేమీ జరగలేదు. పైన ఫ్యాను తిరుగుతోంది. మేజిస్ట్రేటుగారు వేరే కేసు కట్ట తిరగేస్తూ వింటున్నారు. కింద కంప్యూటరు ముందు కూర్చున్నావిడ నా మాట పూర్తికాకముందే టైపు చేసేసింది. అలాంటి మాటలు ఆవిడ వేళ్ళకి అలవాటేమో. ప్రభుత్వం తరఫు లాయరు, అందరూ ఏపీపీ మేడం అంటారు, లేచి "సాక్షి ఎదురు తిరిగాడండి, ప్రశ్నలు వెయ్యడానికి అనుమతి ఇవ్వండి" అని అడిగారు. తర్వాత నావైపు చూసి "ముద్దాయితో కుమ్మక్కై అబద్ధం చెబుతున్నారని నేనంటున్నాను" అన్నారు. అందులో కోపం లేదు. బస్సులో కండక్టరు టికెట్ టికెట్ అనుకుంటూ నడిచినట్టు అన్నారు.

"నిజం కాదండి" అన్నాను.

సంతకం పెట్టమన్నారు. పెట్టాను. వెనక బెంచీ మీద కేసు పెట్టిన అమ్మాయి కూర్చుని ఉంది. ఆమె పక్కనుంచే బయటికి రావాలి. వచ్చాను.

అసలు నేను చూసిందేమిటో ముందు చెప్పాలి.

నాది కొల్లేరు ఒడ్డు. భీమడోలు నుంచి లోపలికి వస్తే తారు రోడ్డు అయిపోయి గట్లు మొదలయ్యే చోట మా ఊరు. మా నాన్న వరి పండించిన చేను నా చేతికొచ్చాక చేపల చెరువైంది. నా చెరువు లోపలిది. రోడ్డుకీ నా చెరువుకీ మధ్య ఇంకో పెద్ద చెరువుంది, అది నాకు వరసకి అన్నయ్య అయ్యే ఆయనది. ఆయన గట్టు మీదుగా తప్ప నా చెరువుకి లారీ రాదు. ఆ దారి ఏ కాగితంలోనూ లేదు, మాట మీద నడుస్తోంది. పట్టుబడి రోజున, అంటే చేపలు పట్టి అమ్మే రోజున, తెల్లారేసరికి వల లాగేసి, ఎండ ముదరకముందే చేపని ఐసులో పెట్టి లారీ ఎక్కించాలి. లారీ రాలేదంటే పెంచిన చేప కళ్ళముందే పాడవుతుంది. అందుకని మా వైపు లోపలి చెరువు వాళ్ళు బయటి చెరువు వాళ్ళతో పేచీ పెట్టుకోరు. పెళ్ళికి పిలిస్తే ముందు వెళతారు, పంచాయితీలో వాళ్ళు కూర్చున్నాక కూర్చుంటారు.

ఆ అమ్మాయి తాడేపల్లిగూడెంలో నీళ్ళు పరీక్ష చేసే ల్యాబులో పనిచేసేది. సొంతూరు భీమడోలే. పొద్దున్నే రైల్లో గూడెం వెళ్ళి, ల్యాబువాళ్ళ స్కూటీ తీసుకుని చెరువుల మీద తిరిగి, సీసాల్లో నీళ్ళు పట్టుకుని వెళ్ళేది. నన్ను బాబాయ్ గారూ అని పిలిచేది. మంచినీళ్ళిస్తే తాగి, సీసా మీద పేరు రాసుకుని వెళ్ళిపోయేది. అంతకుమించి మా మధ్య మాటల్లేవు.

అన్నయ్యగారి అబ్బాయి ఆమె వెంట పడ్డాడు. ఈ సంగతి గట్ల మీద అందరికీ తెలుసు. భీమడోలు స్టేషన్లో ఆమె రైలు దిగే చోట నిలబడేవాడు. ఫోను ఎత్తకపోతే ల్యాబుకి ఫోను చేసేవాడు. ఆమె వేరే చెరువుకి వెళితే బండి మీద వెనకే వెళ్ళేవాడు. మేము నవ్వుకునేవాళ్ళం. "నీళ్ళ పరీక్షా, పిల్ల పరీక్షా?" అని వాడిని ఆటపట్టించిన వాళ్ళలో నేనూ ఉన్నాను.

ఒకరోజు నేను చెరువు మధ్యలో పడవ మీదుండి చేపల మేతకి తవుడు సంచులు గెడలకి కడుతున్నాను. ఆమె నా చెరువు వైపు వస్తోంది. వాడు బండి అడ్డంపెట్టి ఆపాడు. ఏదో అడిగాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. వాడు స్కూటీ తాళం లాగేసుకున్నాడు. ఆమె చెయ్యి చాపితే, చెయ్యి పట్టుకుని వెనక్కి తోశాడు. ఆమె సీసాల పెట్టెతో సహా గట్టు మీద కూలబడింది. వాడు తాళాన్ని చెరువులోకి విసిరేశాడు. నీళ్ళలో పడ్డ చప్పుడు నా దాకా వచ్చింది.

"ఏంట్రా అది?" అని అరిచాను.

"ఏం లేదు బాబాయ్, సరదాకి!" అని చెయ్యి ఊపాడు.

నేను మళ్ళీ సంచి కట్టుకున్నాను. ఆమె లేచి, బట్టలకంటిన మట్టి దులుపుకుని, స్కూటీ అక్కడే వదిలేసి రోడ్డుదాకా నడిచి వెళ్ళింది. నేను పడవ ఒడ్డుకి తేలేదు. తెచ్చి ఉండాల్సింది.

ఆమె తిన్నగా పోలీసు స్టేషనుకెళ్ళి ఫిర్యాదు ఇచ్చింది. పడవలో నేనున్నానని చెప్పింది. పోలీసులు వచ్చి అడిగితే చూసింది చూసినట్టే చెప్పాను. అప్పటికి భయం లేదు, ఇలాంటివి కోర్టుదాకా పోవని నా నమ్మకం.

మా వైపు ఇలాంటి కేసులు ఎలా తెములుతాయో అంతకుముందు చాలా చూశాను. ముందు పెద్దమనుషులు అమ్మాయి ఇంటికి వెళతారు. ఆడపిల్ల పేరు కోర్టు దాకా ఎందుకంటారు. అబ్బాయి చేత క్షమించమనిపిస్తారు. చిన్న సెక్షన్లయితే లోక్ అదాలత్ రోజున ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి సంతకాలు పెట్టిస్తారు, కేసు అక్కడితో సరి. పెద్ద సెక్షనయితే రాజీ బయట జరుగుతుంది, కేసు మాత్రం నడుస్తుంది. ఏళ్ళు గడిచాక సాక్షులు ఒకరి తర్వాత ఒకరు బోనెక్కి "నాకు తెలియదండి" అంటారు. కేసు కొట్టేస్తారు. బయట అందరూ కలిసి టీ తాగుతారు.

ఆమె ఇంటికి వెళ్ళిన పెద్దమనుషుల్లో నేనూ ఉన్నాను. సాక్షి కూడా వస్తే బలంగా ఉంటుందని అన్నయ్య తీసుకెళ్ళాడు. భీమడోలులో రైలు గేటు దగ్గర చిన్న ఇల్లు. వాళ్ళమ్మ కుర్చీలు వేసి మజ్జిగ ఇచ్చింది. ఆ అమ్మాయి గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"కుర్రతనంలో చేశాడమ్మా. నీకు చెల్లెలుంది, రేపు సంబంధాలు చూసుకోవాలి. నీ పేరు నలుగురి నోళ్ళలో పడితే ఎవరికి నష్టం చెప్పు?" అన్నాడు అన్నయ్య.

"ఇప్పటికే పడిందండి" అంది. "నేనే వాడి వెంటపడ్డానని మీ గట్ల మీద అంటున్నారంట. అది అబద్ధమని కోర్టువారు చెప్పాలి. నాకింకేం వద్దండి."

"కోర్టువారు చెబితే ఎవరు వింటారమ్మా?"

"నేను వింటానండి."

మజ్జిగ గ్లాసులు కింద పెట్టి లేచాం.

అన్నయ్య గూడెంలో పేరున్న లాయరుని పెట్టుకున్నాడు. నన్ను కూడా ఆయన ఆఫీసుకి తీసుకెళ్ళాడు. లాయరుగారు తీరికగా వివరించారు. "ఈ సెక్షను రాజీ పడేది కాదండి. కాగితం మీద కుదరదు. బోనులో కుదురుతుంది." తర్వాత నావైపు చూసి "వీరేనా?" అన్నారు. అన్నయ్య తలూపాడు. నన్నెవరూ ఏమీ అడగలేదు.

కేసు ఏలూరులో నడిచింది. మధ్యలో చట్టం మారి సెక్షన్ల నంబర్లు మారాయి, మా కేసు మాత్రం పాత నంబర్లతోనే సాగింది. ఒక వాయిదాకి ముద్దాయికి జ్వరం, ఇంకోదానికి లాయర్ల సమ్మె, ఇంకోదానికి మేజిస్ట్రేటుగారి బదిలీ. ప్రతి వాయిదాకీ ఆ అమ్మాయి సెలవు పెట్టుకుని వచ్చేది. వరండాలో గోడవైపు నిలబడేది. బంట్రోతు పేరు పిలిచేవాడు, లోపలికెళ్ళి తేదీ రాసుకుని వచ్చేది. అబ్బాయి స్నేహితులు ఎదురుగా నిలబడి సెల్‌ఫోన్లు చూసుకుంటూ ఆమెకి వినపడేలా ఏదో ఒకటి అనేవాళ్ళు. నేను వాళ్ళకీ ఆమెకీ మధ్య, ఎటూ కాని చోట నిలబడేవాణ్ణి.

ఆమె సాక్ష్యం మధ్యాహ్నం మొదలై కోర్టు లేచేదాకా సాగింది. డిఫెన్సు లాయరు ప్రశ్నలన్నీ మర్యాదగానే అడిగారు. మీరే నవ్వేవారట కదమ్మా. మీరే అతని చెరువుకి ఎక్కువసార్లు వెళ్ళారట కదమ్మా. స్కూటీ తాళం మీ చేతిలోంచే జారిపడిందంటే నిజమేనా? ఆమె ప్రతిదానికీ "కాదండి" అంది. చివర్లో గొంతు బొంగురుపోయింది, మంచినీళ్ళు కావాలంది. ఏపీపీ మేడం తన సీసా ఇచ్చారు.

తర్వాత మిగిలింది నా సాక్ష్యం. వాయిదాకి ముందురోజు అన్నయ్య గట్టు మీద ఎదురుపడ్డాడు. కేసు మాట ఎత్తలేదు.

"పట్టుబడి ఎప్పుడు పెట్టుకుంటున్నావ్?"

"వచ్చే వారం అనుకుంటున్నానండి."

"వానలకి గట్టు దిగబడుతోంది. కంకర తోలిస్తాలే. నీ లారీకి ఇబ్బంది ఉండదు."

అంతే అన్నాడు. ఆ మాట దగ్గరే నేను ఒప్పేసుకున్నాను. మర్నాడు బోనులో చెప్పింది కేవలం పైకి అనడమే.

కోర్టు నుంచి ఇంటికొచ్చాక మా ఆవిడ కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళు పెట్టి "ఏం చెప్పారండీ?" అని అడిగింది.

"చూడలేదన్నాను."

జరిగిన రోజే ఇంటికొచ్చి అంతా ఆమెకి చెప్పాను, తాళం నీళ్ళలో పడ్డ చప్పుడుతో సహా. "అన్నం పెట్టనా?" అంది. పెట్టమన్నాను. తిన్నాను. రుచి తెలియలేదనీ చెప్పలేను, ఆ రోజు చింతచిగురు పప్పు. బాగానే ఉంది.

పట్టుబడి సాఫీగా జరిగింది. కొత్త కంకర మీద లారీ నా మకాం దాకా, అంటే నా కాపలా పాక దాకా, దర్జాగా వచ్చింది. అన్నయ్య కొడుకు దగ్గరుండి డ్రైవరుకి దారి చూపించాడు. "సాక్షిగారికి ముందు టీ పొయ్యండ్రా!" అన్నాడు. వల లాగేవాళ్ళందరూ నవ్వారు. నేనూ నవ్వాను. టీ తాగాను. వాడు నా భుజం మీద చెయ్యి వేశాడు, తియ్యమనలేదు.

ఆ రోజుల్లో నాకు బాధ కలిగిందా అంటే, లేదనే చెప్పాలి. ఏమీ కలగలేదు. పొద్దున్నే లేచేవాణ్ణి, చెరువుకి నీళ్ళు పెట్టించేవాణ్ణి, పేపరు చదివేవాణ్ణి. ఎవరైనా కేసు మాట ఎత్తితే వేరే మాటలోకి వెళ్ళేవాణ్ణి. లోపల ఒక గది తలుపు వేసినట్టుండేది, ఆ తలుపు ముందునుంచి రోజూ నడిచినా దానివైపు చూసేవాణ్ణి కాదు.

కొత్త చేపపిల్లలు వేశాక చెరువులో నీళ్ళ రంగు తేడాగా కనపడింది. ల్యాబుకి ఫోను చేస్తే, ఇప్పుడు మా మనిషి రావట్లేదండి, మీరే తీసుకొచ్చి ఇవ్వండన్నారు. సీసాతో గూడెం వెళ్ళాను. కౌంటరు వెనక ఆ అమ్మాయే ఉంది.

నన్ను చూసింది. లేచి సీసా తీసుకుంది.

"అమ్మోనియా ఒక్కటే చూడాలా అండీ, అన్నీ చూడాలా?"

"అన్నీ చూడమ్మా."

సీసా మీద నా పేరు రాసింది. అడగకుండానే రాసింది. నేను వెళ్ళిపోయి ఉండాల్సింది. అక్కడే నిలబడ్డాను.

"చెరువుల మీదకి రావట్లేదేమ్మా?"

"పంపట్లేదండి. నేనొస్తే వద్దంటున్నారంట రైతులు." ఇంకో సీసా మూత బిగిస్తూ చెప్పింది. "అబద్ధపు కేసు పెట్టింది, సాక్షే చెప్పాడు, రేపు మన మీదా పెడుతుంది అంటున్నారంటండి. కౌంటరుకి ఎటూ వేరే అమ్మాయి ఉంది. నెలాఖరులోపు వేరే పని చూసుకోమన్నారు నన్ను."

ఆమె గొంతులో నిందలేదు. నీళ్ళలో ఉప్పు ఎంతుందో చెప్పినట్టు చెప్పింది.

"నేను..." అన్నాను.

"సాయంత్రం రిపోర్టు వాట్సాప్‌లో పెడతామండి" అంది.

బయటికొచ్చి బస్టాండుదాకా నడిచాను. భీమడోలు బస్సు వచ్చింది, ఎక్కలేదు. ఇంకోటి వచ్చింది. పెద్దమనుషులతో వాళ్ళింటికెళ్ళిన రోజు ఆమె అడిగింది ఒకే ఒక్కటి, తను చెప్పింది నిజమని ఎవరో ఒకరు అనడం. అనగలిగినవాణ్ణి లోకంలో నేనొక్కణ్ణే. నేను అనకుండా ఊరుకోలేదు, కాదని చెప్పాను. వాడు ఆమె స్కూటీ తాళం పారేశాడు. నేను ఆమె కూడు తీసేశాను. బస్టాండులో కూర్చున్నప్పుడు నాకు తట్టింది ఇంతే. ఏడుపు రాలేదు. మూడో బస్సు ఏలూరుది. అదెక్కాను.

ఏపీపీ మేడం కోర్టు వరండాలో నిలబడి క్యారేజీ విప్పుకుంటున్నారు. నన్ను గుర్తుపట్టలేదు. కేసు చెప్పాను.

"ఓ, ఎదురు తిరిగిన సాక్షి. ఇప్పుడేంటండి?"

"నిజం చెబుదామనొచ్చానండి."

ఆవిడ మూత మళ్ళీ పెట్టేశారు. "మరి ఆ రోజు చెప్పింది?"

"అబద్ధమండి."

"ఆ మాట అంత తేలిగ్గా అనకండి. ప్రమాణం చేసి అబద్ధం చెప్పినందుకు మీ మీద కేసు పెట్టొచ్చు. తెలుసా?"

"ఇప్పుడు తెలిసిందండి."

"మిమ్మల్ని మళ్ళీ పిలవమని పిటిషను వేస్తాను. అవతలి లాయరు ఒప్పుకోడు. కోర్టువారు ఒప్పుకున్నా, రెండు నాలుకల సాక్షి కింద లెక్క. మీ మాటకి విలువుండదు. ఈలోగా మీవాళ్ళొచ్చి ఏదో అంటారు, మీరు మళ్ళీ మారిపోతారు. నా పని రెట్టింపు."

"మారనండి."

"అందరూ అంటారు" అన్నారు. అయినా కాగితం తీసి నా చేత రాయించుకున్నారు.

పిటిషను సంగతి నేను ఊరికి చేరేలోపే ఊరికి చేరింది. అన్నయ్య మా ఇంటికి రాలేదు. మర్నాడు చూస్తే గట్టు మొదట్లో రెండు తాటి మొద్దులు అడ్డంగా పడి ఉన్నాయి, వాటి వెనక లారీ చక్రం దిగిపోయేంత గొయ్యి. వాళ్ళబ్బాయి మొద్దు మీద కూర్చుని ఉన్నాడు.

"దారి బాగుచేస్తున్నాం బాబాయ్. ఎప్పటికవుద్దో చెప్పలేం."

"మంచిదే" అన్నాను.

"ఏలూరు నుంచి మోసుకొచ్చావా నిజం? ఎంత బరువుందేంటి?"

వాడి స్నేహితులు నవ్వారు. నేను పక్కనుంచి నడిచి వెళ్ళాను. పట్టుబడి రోజుకీ మొద్దులు తియ్యలేదు. ఆ పంట చేపని చిన్న పడవల్లో కాలవ అవతలకి చేరవేసుకున్నాం. సగం ఎండ దెబ్బకి మెత్తబడి వచ్చిన ధరకి పోయింది. మా ఆవిడ రోజంతా ఐసు మోసింది.

కోర్టువారు పిటిషను ఒప్పుకున్నారు. మళ్ళీ బోనెక్కాను. ఈసారి చూసింది చూసినట్టు చెప్పాను. పడవ, సంచులు, అడ్డంపెట్టిన బండి, లాక్కున్న తాళం, తోసిన చెయ్యి. నేను అరవడం, వాడు సరదాకి అనడం, నేను మళ్ళీ పనిలో పడటం. ఏపీపీ మేడం ఇంక చాలన్నారు. డిఫెన్సు లాయరు లేచారు.

"పోయినసారి ప్రమాణం చేశారా?"

"చేశానండి."

"ఈసారి?"

"చేశానండి."

"రెండు ప్రమాణాల్లో ఏది నమ్మమంటారు కోర్టువారిని?"

"ఇదండి."

"అంటే అప్పుడు కోర్టువారిని మోసం చేశారు."

"చేశానండి."

ఆయన చేతిలో కాగితం తిప్పారు. నేను నీళ్ళు నములుతానని అనుకున్నట్టున్నారు. "ఈ అమ్మాయి మీ కాళ్ళావేళ్ళా పడితే మనసు మార్చుకున్నారంటే?"

"ఆమె నన్నేమీ అడగలేదండి. నేను మొదట అబద్ధం చెప్పింది గట్టు దారి కోసం."

హాలులో ఎవరో నవ్వారు. మేజిస్ట్రేటుగారు మొదటిసారి తలెత్తి నన్ను చూశారు. "ఏ గట్టు?" అని అడిగారు. చెప్పాను. లోపలి చెరువు, బయటి చెరువు, లారీ, కంకర. ఆయన ఓపిగ్గా విని, ముక్కముక్కగా టైపు చేయించారు. నా బతుకులోని సిగ్గంతా ఆ ఇంగ్లీషు వాక్యాల్లో చాలా చిన్నదిగా వినిపించింది.

తీర్పు రోజు వెళ్ళి వెనక నిలబడ్డాను. ముద్దాయి తప్పు చేశాడని తేల్చారు. శిక్ష ఏమిటంటే జరిమానా, దాంతోపాటు ఆ రోజు కోర్టు లేచేదాకా హాలులోనే కూర్చోవడం. వాడు సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చుని, గోళ్ళు కొరుక్కుని, వెళ్ళిపోయాడు. వరండాలో వాళ్ళ నాన్న "ఇంతోటిదానికా ఇన్నేళ్ళు" అన్నాడు, పైకి అప్పీలు చేస్తానన్నాడు.

నా సంగతి కూడా తీర్పులో ఉందట. ఏపీపీ మేడం చదివి చెప్పారు. రెండో సాక్షి రెండుసార్లు రెండు రకాలుగా చెప్పాడు కాబట్టి అతని మాట ఏదీ నమ్మదగింది కాదనీ, ఫిర్యాదు చేసిన మనిషి మాట ఒక్కటే తేడా లేకుండా నిలబడింది కాబట్టి అది చాలనీ రాశారట. నేను చెప్పిన అబద్ధం తీసేశారు, నిజమూ తీసేశారు. నా మీద నోటీసు రావచ్చని లాయర్లు అంటున్నారు. ఇంకా రాలేదు. వస్తే వెళతాను.

ఆ అమ్మాయి మేడంని అడిగింది. "అంటే నేను చెప్పింది నిజమని రాశారాండీ?"

"రాశారమ్మా."

"సరేనండి" అని బ్యాగు భుజానికి తగిలించుకుంది. మెట్ల దగ్గర నేను ఎదురొచ్చాను. "చెరువుల మీద నీకు మళ్ళీ పని ఇప్పించే పూచీ నాదమ్మా. నేను దగ్గరుండి ప్రతి చెరువుకీ తీసుకెళతాను" అన్నాను.

"వద్దండి. నా వెనకాల ఎవరూ రావక్కర్లేదు" అంది. "చెప్పాల్సిన వాళ్ళకి మీరే చెప్పుకోండి."

అని రైలుకి వెళ్ళిపోయింది.

మర్నాటి నుంచి నేను మకాములు తిరగడం మొదలుపెట్టాను. ఏలూరులో తీర్పొస్తే గట్ల మీదకి దానంతటది రాదు. ఒక్కో మకాంకి వెళ్ళి, కూర్చోమన్నా కూర్చోకుండా, ఒకే మాట చెప్పేవాణ్ణి. "కోర్టులో మొదటిసారి నేను అబద్ధం చెప్పాను. ఆ అమ్మాయి చెప్పింది నిజం. కళ్ళారా చూశాను." కొందరు తల తిప్పుకున్నారు. "కోర్టులో చెప్పావుగా, మళ్ళీ మాకెందుకు ఊరేగింపు?" అన్నాడొకడు. "దారి పోయాక బుద్ధొచ్చిందేంటి?" అన్నాడు ఇంకొకడు. దారి పోక ముందే వచ్చిందని చెప్పబోయి మానేశాను. అన్నయ్య మకాంకీ వెళ్ళాను. ఆయన పేపరు దించకుండా విని "అయ్యిందా?" అన్నాడు. అయ్యిందండి అని వచ్చేశాను.

నిన్న కాలవ చివరి మకాంకి వెళ్ళాను. పెద్ద వయసు మొగుడూ పెళ్ళాలు ఆ చెరువు చూసుకుంటారు. చెప్పాల్సింది చెప్పాను. ముసలాయన వల కుట్టడం ఆపి "మా ఆవిడకి చెవుడు బాబూ. ఆ పిల్లని రానివ్వొద్దని పట్టుబట్టింది తనే. గట్టిగా చెప్పు" అన్నాడు.

గట్టిగా చెప్పాను. పక్క చెరువులో సంచులు కట్టేవాళ్ళు తిరిగి చూశారు.

ముసలావిడ బియ్యం చేట పక్కన పెట్టింది. "మరి నిజమే అయితే ఆ పిల్ల రావట్లేదేం?" అంది.

"నా వల్లేనండి" అన్నాను.

ఆమె చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని నావైపు వంగింది. వినపడలేదు. దగ్గరికెళ్ళి మళ్ళీ చెప్పాను.